బీఎన్‌పీకి వచ్చిన 5.64 లక్షల ఓట్లు ఐదేళ్లలో 1,667 ఎలా అయ్యాయంటే

మీ అమ్మాయికి లీడ్స్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిందనీ, ఆ ఊరున్న యార్క్‌షైర్ నుంచే 2009లో బ్రిటిష్ నేషనల్ పార్టీ (బీఎన్‌పీ) అనే తెల్లవాళ్ల పార్టీ యూరోపియన్ పార్లమెంటుకు గెలిచిందని చదివి టెన్షన్ పడుతున్నాననీ రాశారు. ఆ పార్టీ ఎలా పెరిగింది, ఇప్పుడు ఉందా, పిల్లని పంపడానికి భయపడాలా అని మూడు అడిగారు. మొదటిది కొంచెం పెద్ద కథ. రెండోదానికి జవాబు ఒక్క వాక్యం. మూడోది చివర్లో చెబుతాను.

నేను 2004 నుంచి తూర్పు లండన్‌లో, బార్కింగ్‌లో ఉంటున్నాను. అకౌంట్స్ పని చేస్తాను, రాజకీయాలు నా వృత్తి కాదు. కాకపోతే బీఎన్‌పీ బాగా బలంగా ఉన్న ఊళ్లో, అది బలంగా ఉన్న నాలుగేళ్లూ కాపురం చేశాను. ఆ తర్వాత రెండు మూడు ఎన్నికల్లో పోలింగ్ బూత్‌లో క్లర్క్‌గా కూర్చున్నాను కూడా. నాకు అర్థమైంది ఇది: ఆ పార్టీకి మనం భయపడినంత బలం ఎప్పుడూ లేదు. మిగతావాళ్లు ఓటుకు రాకుండా ఇంట్లో కూర్చున్న చోట అది గెలిచింది, వాళ్లు లేచి వచ్చిన రోజున ఓడింది. ఓడాక దాన్ని చంపినవి మాత్రం సొంత ఇంటి తగాదాలు, అప్పులు.

మూలాల్లోకి ఎక్కువ వెళ్లను. 1967లో నేషనల్ ఫ్రంట్ అని ఒకటి పుట్టింది. 1970ల్లో వచ్చిన మన పాతతరం డాక్టర్లను ఎవర్నైనా అడగండి, గోడల మీద 'ఎన్ఎఫ్' అని రాసి ఉంటే ఆ సందులోంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లిన రోజులు చెబుతారు. 1979 ఎన్నికల్లో ఆ పార్టీ 303 చోట్ల నిలబడి అన్నిచోట్లా డిపాజిట్ పోగొట్టుకుంది. అంతకుముందు ఏడాదే కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ టీవీలో, పరాయి సంస్కృతివాళ్లు వచ్చి ముంచేస్తారేమోనని జనం భయపడుతున్నారన్న అర్థంలో మాట్లాడింది. ఆ ఓట్లు చాలావరకు అటు వెళ్లిపోయాయి. ఆ ఓటమి తర్వాత ఫ్రంట్ ముక్కలైంది. దాని నాయకుడు జాన్ టిండల్ వేరు కుంపటి పెట్టి 1982లో బీఎన్‌పీని మొదలుపెట్టాడు. పదేళ్లకు పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1993 సెప్టెంబరులో మొదటిసారి పేపర్ల మొదటి పేజీకి ఎక్కింది. తూర్పు లండన్‌లో, పాత రేవుల పక్కన ఐల్ ఆఫ్ డాగ్స్ అని ఉంది. అక్కడి మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో బీఎన్‌పీ మనిషి డెరెక్ బీకన్ 7 ఓట్ల తేడాతో కౌన్సిలర్ అయ్యాడు. ఏడంటే ఏడే! ఆ ప్రాంతంలో అసలు గొడవ కౌన్సిల్ ఇళ్ల గురించి. ప్రభుత్వ ఇల్లు ఎవరికి ముందు ఇవ్వాలి, ఇక్కడే పుట్టిన పిల్లలకా, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలకా అని పెద్ద పార్టీలే అక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. స్థానికుల కొడుకులకు, కూతుళ్లకు ముందు ఇల్లు అన్న స్కీమ్ పెట్టింది కూడా బీఎన్‌పీ కాదు, అక్కడ కౌన్సిల్ నడిపిన లిబరల్ డెమోక్రాట్లు. దున్ని పెట్టిన చేలో బీఎన్‌పీ వచ్చి విత్తు వేసుకుంది, అంతే.

ఎనిమిది నెలలకు, 1994 మేలో, అదే వార్డులో మళ్లీ ఎన్నిక జరిగింది. బీకన్‌కు ఈసారి అంతకుముందుకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అయినా ఓడిపోయాడు. ఎందుకంటే మిగతా జనం కూడా భయపడి బూత్‌లకు వచ్చారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పదహారేళ్ల తర్వాత మా ఊళ్లో అచ్చం ఇదే జరిగింది.

1999లో టిండల్‌ను ఓడించి నిక్ గ్రిఫిన్ పార్టీ పగ్గాలు పట్టాడు. కేంబ్రిడ్జిలో లా చదివినవాడు. జాతి ద్వేషం రెచ్చగొట్టే రాతలు ప్రచురించినందుకు 1998లో కోర్టు అతనికి 9 నెలల సస్పెండెడ్ శిక్ష (మళ్లీ తప్పు చేస్తేనే జైలు) వేసింది. మనిషి మారలేదు గానీ వేషం మార్చాడు. గుండు తలలు, పెద్ద బూట్లు, వీధి కవాతులు పక్కకు పోయి సూటు, టై, ఇంటింటి కరపత్రం వచ్చాయి. వలస వచ్చినవాళ్లను బలవంతంగా పంపేయాలన్న పాత మాట, ఇష్టపడి వెళ్తామంటే డబ్బులిచ్చి పంపుతాం అన్న మెత్తని మాటగా మారింది. ఒకటి మాత్రం 2010 దాకా మారలేదు, తెల్లజాతి వాళ్లకు తప్ప సభ్యత్వం లేదు. పార్టీ రాజ్యాంగంలోనే అలా రాసుకున్నారు.

2001 ఎండాకాలంలో ఉత్తర ఇంగ్లండ్‌లో మూడు ఊళ్లలో తెల్ల కుర్రాళ్లు, పాకిస్తానీ, బంగ్లాదేశీ కుర్రాళ్ల మధ్య గొడవలయ్యాయి. ముందు ఓల్డమ్, తర్వాత బర్న్‌లీ, ఆ తర్వాత మీ అమ్మాయి వెళ్లే లీడ్స్ పక్కనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్. ఇవన్నీ బట్టల మిల్లుల ఊళ్లు. మిల్లులు మూతపడ్డాక రెండు వర్గాలకూ పని లేదు, ఒకరి వీధిలోకి ఒకరు వెళ్లరు, పిల్లలు చదివే బళ్లు కూడా వేరు. ఓల్డమ్ గొడవలైన రెండు వారాలకు జరిగిన ఎన్నికల్లో గ్రిఫిన్ అక్కడే నిలబడి 16.4 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. ఫలితం చెప్పే వేదిక మీద ఎవరూ ప్రసంగాలు చెయ్యకూడదని అధికారులు ఆంక్ష పెడితే, నోటికి గుడ్డ కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మర్నాడు దేశంలో ప్రతి పేపర్లోనూ ఆ ఫొటోనే. ఇలాంటి నాటకాలు అతనికి బాగా వచ్చు. 2002లో బర్న్‌లీలో ముగ్గురు కౌన్సిలర్లు, ఏడాది తిరిగేసరికి ఎనిమిది మంది అయ్యారు. కౌన్సిల్‌లో రెండో పెద్ద పార్టీ.

ఇక మా ఊరు.

బార్కింగ్, దాని పక్క డాగెన్‌హామ్ కలిపి ఒక కౌన్సిల్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ మురికివాడల వాళ్ల కోసం ఇక్కడ బీకన్‌ట్రీ అనే కాలనీ కట్టారు. 25 వేలకు పైగా ఇళ్లు. ఎర్ర ఇటుక, ముందు ఒక చిన్న తోట, వెనక ఒక తోట, ఎటు చూసినా ఒకే తీరు. మొదటి నెలల్లో నేను రాత్రిపూట రెండుసార్లు వేరేవాళ్ల తలుపు తాళంలో నా తాళంచెవి పెట్టాను. 1931లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. బాగా నడిచిన రోజుల్లో అందులో 40 వేలమంది పనిచేసేవారు. అంటే ఇల్లు కౌన్సిల్‌ది, పని ఫోర్డ్‌ది, ఓటు లేబర్ పార్టీది. మూడూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి.

1980లో థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్లను అద్దెకున్నవాళ్లే తక్కువ ధరకు కొనుక్కోవచ్చని చట్టం చేసింది. కొన్నవాళ్లు బాగుపడ్డారు, అమ్ముకుని ఎసెక్స్ పల్లెల వైపు వెళ్లిపోయారు. కానీ అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టలేదు. ఫోర్డ్‌లో 2002లో కార్ల తయారీ ఆగిపోయింది, ఇంజన్లు మాత్రం మిగిలాయి. అప్పటికి లండన్ మొత్తంలో ఇళ్లు చవగ్గా దొరికేది ఇక్కడే. కాబట్టి నైజీరియా, ఘనా, పాకిస్తాన్, లిథువేనియా, ఇంకా మా లాంటి వాళ్లం అందరం ఇక్కడికే వచ్చిపడ్డాం. 2001 జనాభా లెక్కల్లో ఈ కౌన్సిల్‌లో తెల్ల బ్రిటిషర్లు 81 శాతం. 2011 నాటికి 49 శాతం చిల్లర. పదేళ్లలో ఒక ఊరు అంతలా మారితే, మార్పుకు కారణం ఏదైనా, కిటికీలోంచి చూసేవాడికి కనబడేది కొత్త ముఖాలే. అమ్మేసిన ఇళ్ల లెక్క కనబడదు.

మా పక్కింటి పెద్దాయన ఫోర్డ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. మాతో బాగా ఉండేవాడు. మా ఆవిడ పంపిన పులిహోర తిని గిన్నె కడిగి, అందులో తన తోటలోని టమాటాలు వేసి ఇచ్చేవాడు. 2006 వేసవికి ముందు ఒక ఆదివారం గోడ దగ్గర నిలబడి, వాళ్లమ్మాయి ఇద్దరు పిల్లలతో కౌన్సిల్ ఇంటి కోసం ఆరేళ్లుగా వెయిటింగ్ లిస్టులో ఉందని చెప్పాడు. చెప్పి, లోపలికి వెళ్లి ఒక కరపత్రం తెచ్చి చూపించాడు. అదే కరపత్రం మా తలుపు సందులోంచి కూడా పడింది. మేం అప్పటికే దాన్ని చెత్తబుట్టలో వేశాం. కౌన్సిల్ వాళ్లు ఆఫ్రికన్లకు ఒక్కో కుటుంబానికి 50 వేల పౌండ్లిచ్చి ఇక్కడ ఇళ్లు కొనిపిస్తున్నారని, అది రహస్య పథకమని అందులో ఉంది. అలాంటి పథకమే లేదు. కౌన్సిల్ ఖండించింది, పేపర్లు రాశాయి. పెద్దాయన మాత్రం, "అలా అయితే ఆ కొత్తవాళ్లు ఎలా కొన్నారు?" అన్నాడు. బ్యాంకు లోను తీసుకుని కొన్నారు, రెండు ఉద్యోగాలు చేసి కడుతున్నారు అన్నాను. నమ్మినట్టు తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలుసు.

ఆ ఏప్రిల్‌లోనే మా లేబర్ ఎంపీ మార్గరెట్ హాడ్జ్ ఒక పేపర్‌తో, తను తలుపు తట్టిన తెల్లవాళ్ల ఇళ్లలో పదింటికి ఎనిమిది బీఎన్‌పీకి వేద్దామా అని ఆలోచిస్తున్నాయని చెప్పింది. సొంత పార్టీ వాళ్లే ఆమె మీద మండిపడ్డారు, బీఎన్‌పీకి ఉచిత ప్రచారం చేసిపెట్టిందని. నిజమే కావచ్చు. కానీ ఆమె చెప్పింది అబద్ధమైతే కాదు. మేలో ఎన్నికలైతే 51 సీట్ల కౌన్సిల్‌లో బీఎన్‌పీకి 12 వచ్చాయి. తమాషా ఏమిటంటే, వాళ్లు నిలబెట్టిందే 13 మందిని. ఇంకో పదిమంది అభ్యర్థులు దొరికి ఉంటే ఏమయ్యేదో అని ఆ వారమంతా ఊళ్లో అదే మాట. ఓటేయడానికి వచ్చినవాళ్లు పదిమందిలో నలుగురు కూడా లేరు.

ఆ తర్వాతి శుక్రవారం రైల్లో అందరూ ఎవరి పేపర్ వెనక వాళ్లు దాక్కున్నట్టు అనిపించింది. ఎదురుగా కూర్చున్న వాళ్లలో ఎవరు వేసి ఉంటారా అని లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగేళ్లలో నన్ను ఎవరూ ముట్టుకోలేదు, ఒకటి రెండుసార్లు కారులోంచి కేకలు వేశారంతే. కానీ ఆ లెక్కపెట్టుకునే అలవాటు పోవడానికి చాలా కాలం పట్టింది.

గెలిచిన కౌన్సిలర్లు ఏం చేశారు? ఇక్కడే వాళ్ల అసలు బలహీనత బయటపడింది. వార్డు కౌన్సిలర్ పని అంటే చెత్తబండి రాలేదని, పక్కింటి చెట్టు కొమ్మ పడిందని ఫోన్లు ఎత్తడం, ప్లానింగ్ కాగితాలు చదవడం, బడ్జెట్‌లో ఏ లైను ఎందుకుందో అడగడం. కరపత్రాలు పంచడానికి పనికొచ్చినవాళ్లు దీనికి పనికిరాలేదు. వాళ్ల నాయకుడు రిచర్డ్ బార్న్‌బ్రుక్ ఒక వీడియోలో, డాగెన్‌హామ్‌లో ఈమధ్య కత్తిపోట్లకు మనుషులు చనిపోయారని చెప్పాడు. విచారణ చేస్తే అలా చనిపోయినవాళ్లు ఎవరూ లేరు! 2009లో అతన్ని నెలరోజులు కౌన్సిల్ నుంచి సస్పెండ్ చేశారు. ఈ పెద్దమనిషే 2008లో లండన్ అసెంబ్లీకి కూడా గెలిచాడు. అక్కడ దామాషా సీట్లకు, అంటే ఓట్ల శాతాన్ని బట్టి పంచే సీట్లకు, 5 శాతం ఓట్లు దాటాలి. వీళ్లకు 5.3 వచ్చాయి.

2008 నవంబరులో ఇంకో దెబ్బ తగిలింది. పార్టీలో అలిగి బయటకొచ్చిన మనిషి ఒకరు పది వేలకు పైగా సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. కొందరికి వృత్తులు, హాబీలు కూడా రాసి ఉన్నాయి. పోలీసులకు ఆ పార్టీ సభ్యత్వం నిషిద్ధం, అందులో ఉన్న ఒక కానిస్టేబుల్ ఉద్యోగం పోయింది. లీక్ చేసినతనికి కోర్టు వేసిన జరిమానా 200 పౌండ్లు. పరాయి మతం వాళ్ల నుంచి దేశాన్ని కాపాడతామన్న పార్టీ సొంత సభ్యుల చిరునామాలు కాపాడుకోలేకపోయిందని ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. నవ్వాం గానీ, మా వీధి పిన్‌కోడ్ కొట్టి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు మీరు చదివిన యార్క్‌షైర్ సంగతి. 2009 జూన్‌లో యూరోపియన్ ఎన్నికలు. అంతకు నెల ముందే ఎంపీల ఖర్చుల బిల్లుల కుంభకోణం బయటపడింది. ఇంటి చుట్టూ కందకం శుభ్రం చేయించిన ఖర్చు దగ్గర్నుంచి తోటలో బాతుల గూడు దాకా అందరి బిల్లులూ పేపర్లో వచ్చాయి. జనానికి ఒళ్లు మండి చాలామంది ఓటేయడమే మానేశారు. బీఎన్‌పీకి దేశం మొత్తం మీద 9 లక్షల 43 వేల పైచిలుకు ఓట్లు, 6.2 శాతం వచ్చాయి. వాయవ్య ఇంగ్లండ్ నుంచి గ్రిఫిన్, యార్క్‌షైర్ నుంచి ఆండ్రూ బ్రాన్స్ గెలిచారు.

అందరూ దీన్ని ప్రభంజనం అన్నారు. నా వృత్తి అలవాటు కొద్దీ నేను పాత అంకెలు పక్కన పెట్టి చూశాను. 2004లో యార్క్‌షైర్‌లో బీఎన్‌పీకి దాదాపు 1 లక్షా 26 వేల 500 ఓట్లు వచ్చాయి, సీటు రాలేదు. 2009లో 1 లక్షా 20 వేలు వచ్చాయి, సీటు వచ్చింది. గ్రిఫిన్ గెలిచిన చోట కూడా అంతే. 2004లో దాదాపు 1 లక్షా 35 వేలు, 2009లో 1 లక్షా 32 వేలు. అంటే రెండు చోట్లా వాళ్ల ఓట్లు తగ్గాయి! 2004లో అక్కడ ఎన్నిక మొత్తం పోస్టల్ బ్యాలట్ మీద జరిగింది, జనం ఇంట్లోంచే వేశారు. 2009లో బూత్‌కు వెళ్లాల్సివచ్చింది, వెళ్లాలనిపించలేదు. పైగా లేబర్ ఓటు కుప్పకూలింది. చెరువులో నీళ్లు తగ్గితే రాయి పైకి తేలినట్టు కనబడుతుంది, రాయి పెరగదు. మీరు చదివిన వ్యాసంలో ఈ ముక్క లేకపోతే, సగం కథే చదివినట్టు.

ఆ ప్రచారంలో ఒక తమాషా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ను కాపాడిన స్పిట్‌ఫైర్ విమానం బొమ్మను పోస్టర్ మీద పెద్దగా వేసుకున్నారు. పోలండ్ వలసదారులు వచ్చి మన ఉద్యోగాలు లాక్కుంటున్నారన్నది అప్పట్లో వాళ్ల ముఖ్యమైన పాట. ఎవరో విమానం మీది అక్షరాలు చదివి చూస్తే, అది 303 స్క్వాడ్రన్‌ది. అంటే పోలండ్ పైలట్లు నడిపిన విమానం.

గెలిచిన రెండు రోజులకు పార్లమెంటు ముందు ప్రెస్‌మీట్ పెడితే గ్రిఫిన్ మీద కోడిగుడ్లు పడ్డాయి. అక్టోబరులో బీబీసీ వాళ్లు అతన్ని 'క్వశ్చన్ టైమ్' చర్చకు పిలిచారు. పిలవొచ్చా అని దేశమంతా గొడవ. 80 లక్షల మంది చూశారు. నేనూ చూశాను, స్నేహితులం అయిదారుగురం ఈస్ట్‌హామ్‌లో ఒకరింట్లో కూర్చుని. ఆ ఏడాదే స్టూడెంట్ వీసా రూల్స్ మారి మన కుర్రాళ్లు గుంపులుగా దిగారు, ఒక్కో ఇంట్లో ఎనిమిదేసి మంది. వాళ్లలో ఒకడు ప్రోగ్రామ్ అంతా చూసి, "ఇతనికేనా అన్నా మీరంతా భయపడుతోంది?" అన్నాడు. హిట్లర్ కాలపు యూదుల నరమేధం గురించి గతంలో ఏమన్నావని అడిగితే గ్రిఫిన్ నవ్వుతూ తప్పించుకోబోయాడు, చేతులు నలుపుకున్నాడు. సభ్యుల్ని రెచ్చగొట్టడంలో ఆరితేరినవాడు గానీ, చదువుకున్న నలుగురి మధ్య కూర్చుని జవాబు చెప్పే సత్తా లేదు. అతన్ని పిలవకూడదని నేనూ అనుకున్నాను అప్పట్లో. తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను.

అదే సమయంలో సమానత్వ కమిషన్ కోర్టుకు వెళ్లింది, తెల్లవాళ్లకే సభ్యత్వం అన్న నియమం చట్టవిరుద్ధమని. 2010 ఫిబ్రవరిలో పార్టీ దిగొచ్చి నియమం మార్చింది. మారాక చేరడానికి ముందుకొచ్చిన మొదటి మనిషి పంజాబ్ నుంచి వచ్చిన ఒక సిక్కు పెద్దాయన! దేశ విభజన నాటి గాయం ఆయనది. పార్టీ కరుడుగట్టిన వాళ్లకు ఇది మింగుడుపడలేదు, బయటివాళ్లకు నమ్మకం కలగలేదు. లాయర్ల బిల్లులు మాత్రం మిగిలాయి.

2010 మే 6న పార్లమెంటు, కౌన్సిల్ ఎన్నికలు రెండూ ఒకే రోజు వచ్చాయి. గ్రిఫిన్ మా బార్కింగ్‌లోనే ఎంపీకి నిలబడ్డాడు. కౌన్సిల్ మొత్తం వాళ్ల చేతికి వస్తుందేమోనని నిజంగానే భయపడ్డాం. హాడ్జ్ నాలుగేళ్లుగా జనంతో కూర్చుని టీ తాగుతూ, వీధి వీధిలో మీటింగులు పెట్టి జనం తిట్లు తిన్నది. బయటి నుంచి వందల మంది వాలంటీర్లు బస్సుల్లో వచ్చి తలుపులు తట్టారు. మా తలుపు ఒకే రోజు మూడుసార్లు తట్టారు, మూడోసారి మా ఆవిడ విసుక్కుంది. బీఎన్‌పీ వాళ్ల సంగతేమో ఎన్నికల ముందే చెడింది. టీవీ ప్రకటనలో గ్రిఫిన్ పక్కన మార్మైట్ సీసా బొమ్మ పెట్టినందుకు ఆ కంపెనీ కోర్టుకెక్కింది. మార్మైట్ అంటే బ్రెడ్డు మీద రాసుకునే నల్లటి పేస్టు, కొందరికి ప్రాణం, కొందరికి వాంతి. పోలింగుకు రెండు రోజుల ముందు పార్టీ వెబ్‌సైట్ నడిపేవాడు నాయకుడితో గొడవపడి సైట్ మూసేశాడు. ముందురోజు వాళ్ల నాయకుడొకడు ఇక్కడి వీధిలో ఆసియా కుర్రాళ్లతో కొట్లాటకు దిగిన దృశ్యం కెమెరాలకు చిక్కింది.

ఆ రోజు నేను ఆఫీసుకు ముందే వెళ్లి ఓటేశాను. పిల్లల బడిలో బూత్. ఏడు గంటలకే లైను. అంతకుముందు ఎప్పుడూ లైను చూడలేదు. అప్పుడు ఐడీ కూడా అడిగేవారు కాదు, పేరు, ఇంటి నంబరు చెబితే చాలు. దారం కట్టిన పొట్టి పెన్సిల్, రెండు కాగితాలు. ముందు నలుగురు నైజీరియన్ ఆడవాళ్లు డ్యూటీకి వెళ్లే నర్సు బట్టల్లో ఉన్నారు, వెనక మా పక్కింటి పెద్దాయన. పలకరించుకున్నాం. ఎవరికని ఇద్దరం అడగలేదు.

ఓటింగు పదిమందిలో నలుగురు నుంచి ఆరుగురికి పెరిగింది. హాడ్జ్ 16 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచింది. గ్రిఫిన్ 6,620 ఓట్లతో మూడో స్థానం. కౌన్సిల్‌లో బీఎన్‌పీ 12 నుంచి సున్నా. 51కి 51 లేబర్‌వే. దేశం మొత్తం మీద వాళ్లు 338 మందిని నిలబెట్టారు. దాదాపు 5 లక్షల 64 వేల ఓట్లు వచ్చాయి, ఇలాంటి పార్టీకి పార్లమెంటు ఎన్నికల్లో అంతకుముందెప్పుడూ రానన్ని. ఒక్క సీటు రాలేదు. ఒక్కో అభ్యర్థికి 500 పౌండ్ల డిపాజిట్, 5 శాతం రాకపోతే గల్లంతు. ఎక్కువమందికి గల్లంతైంది.

అక్కణ్ణుంచి పతనం చాలా వేగంగా, చాలా చిల్లరగా జరిగింది. అప్పులవాళ్లు వెంటపడ్డారు, జీతాలు ఆగాయి, లెక్కలు ఆలస్యంగా ఇచ్చారు. 2011లో నాయకత్వ ఎన్నికలో గ్రిఫిన్ సాటి యూరోపియన్ ఎంపీ బ్రాన్స్ మీద 9 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. మరుసటి ఏడాది బ్రాన్స్ పార్టీ వదిలేశాడు. మిగతావాళ్లు ఎవరికి వారు కొత్త బోర్డులు పెట్టుకున్నారు. బ్రిటన్ ఫస్ట్ అలా పుట్టిందే. స్టోక్‌లో ఒకప్పుడు తొమ్మిది మంది కౌన్సిలర్లు ఉండేవారు, 2011లో ఒక్కరూ మిగల్లేదు. 2014 జనవరిలో గ్రిఫిన్ దివాలా తీశాడు. మేలో యూరోపియన్ సీటు పోయింది. వలస మీద కోపం ఉన్న ఓటరుకు అప్పటికి యూరప్ నుంచి బ్రిటన్ విడిపోవాలనే యూకిప్ పార్టీ దొరికింది. దానికి నాజీ మరక లేదు, బీఎన్‌పీలో పనిచేసినవాళ్లను చేర్చుకునేది లేదని కూడా చెప్పేది. ఆ ఏడాది యూరోపియన్ ఎన్నికల్లో యూకిప్ దేశంలో మొదటి స్థానంలో వచ్చింది. అక్టోబరులో గ్రిఫిన్‌ను సొంత పార్టీయే బహిష్కరించింది.

2015లో బీఎన్‌పీ నిలబెట్టినవాళ్లు ఎనిమిది మంది, వచ్చిన ఓట్లు మొత్తం కలిపి 1,667. 2016 మొదట్లో ఏటా ఎన్నికల సంఘానికి ఇవ్వాల్సిన వివరాలు, 25 పౌండ్ల ఫీజు పంపకపోవడంతో రిజిస్ట్రేషనే పోయింది. తర్వాత మళ్లీ చేయించుకున్నారు. చివరి కౌన్సిలర్ లాంకషైర్‌లోని పెండిల్‌లో ఉండేవాడు, 2018లో మళ్లీ పోటీ చేయలేదు. 2019 ఎన్నికల్లో ఒకే ఒక్క అభ్యర్థి, 510 ఓట్లు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే: కాగితం మీద ఉంది, ఊళ్లో లేదు.

అయితే ఆ ఓటర్లు చచ్చిపోలేదు కదా అంటారు. నిజమే. 2016లో యూరప్ నుంచి విడిపోవాలా అని అడిగితే మా కౌన్సిల్‌లో 62 శాతం విడిపోవాలన్నారు. దాన్నీ బీఎన్‌పీ ఖాతాలో వేస్తే తప్పు, అలా వేసినవాళ్లలో మన గుజరాతీ షాపుల వాళ్లు కూడా నాకు తెలుసు. 2024లో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు, అయిదు సీట్లు వచ్చాయి. వలస తగ్గించాలనే పార్టీనీ, చర్మం రంగు చూసి సభ్యత్వం ఇచ్చిన పార్టీనీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. దాని విధానాలు నాకు నచ్చవు, అది వేరే విషయం.

మూడో ప్రశ్న. అమ్మాయిని పంపండి. లీడ్స్ పెద్ద ఊరు, యూనివర్సిటీల ఊరు, మనవాళ్లు బోలెడుమంది. అలాగని అంతా బాగుందని అబద్ధం చెప్పను. 2024 ఆగస్టులో దేశంలో చాలాచోట్ల అల్లర్లు జరిగినప్పుడు, అదే యార్క్‌షైర్‌లోని రాథరమ్ దగ్గర శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టబోయారు. ఆ గుంపును పోగుచేయడానికి పార్టీ, కౌన్సిలర్లు, సభ్యుల జాబితా ఏవీ అవసరం పడలేదు, ఫోన్లు సరిపోయాయి. బీఎన్‌పీ కాలంలో కనీసం ఎవరు ఏ వార్డులో నిలబడ్డారో తెలిసేది. అలాంటి వారాల్లో యూనివర్సిటీ వాళ్లు మెయిల్ పెడతారు, అది చదవమనండి, రాత్రిపూట ఒంటరిగా ఊరి మధ్యకు వెళ్లొద్దనండి. మిగతా రోజుల్లో ఆమెకు పెద్ద సమస్య చలి, ఇంటద్దె.

ఇంకొకటి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, స్టూడెంట్ వీసా మీద వచ్చినా ఇక్కడ ఓటు హక్కు ఉంటుంది, కౌన్సిల్‌కే కాదు పార్లమెంటుకు కూడా. ఇల్లు దొరికిన వారంలోనే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోమనండి, అయిదు నిమిషాల పని. 2023 నుంచి బూత్‌లో ఫొటో ఐడీ అడుగుతున్నారు, ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే సరిపోతుంది. పెన్సిల్ వాళ్లే ఇస్తారు.